డాలస్‌లో వదిలేసొచ్చిన ఖాతాకి వడ్డీ పడుతోంది, ఇక్కడ పన్ను కట్టాలా?

బెల్లందూర్_బాబు
23 ఆగస్టు 2025, రాత్రి 10:42

2021 జూన్‌లో డాలస్ నుంచి బెంగళూరు వచ్చేశాం. అక్కడ ఉన్నన్నాళ్లూ హెచ్-1బీ మీదే, గ్రీన్ కార్డు లేదు. వచ్చేటప్పుడు ఒక సేవింగ్స్ ఖాతా మూయకుండా ఉంచా, మళ్లీ వెళ్లాల్సొస్తే పనికొస్తుందని. అందులో 42 వేల డాలర్ల దాకా ఉంది. మొదట్లో వడ్డీ చిల్లర పైసలే. రెండు మూడేళ్ల నుంచి నాలుగు శాతం అటూఇటూగా ఇస్తున్నారు. పోయిన ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా లెక్కేస్తే 1,680 డాలర్లు పడింది. ఒక్క డాలరు కూడా ఇక్కడికి తెప్పించుకోలేదు.

ఏటా ఐటీఆర్-1, అదే జీతగాళ్ల సాదా రిటర్న్, వేస్తున్నా. ఫారం 16 పక్కన పెట్టుకుంటే పావుగంట పని. నిన్న క్యాంటీన్‌లో కొలీగ్ ఒకతను పెరుగన్నం కలుపుకుంటూ తాపీగా చెప్పాడు, ఫారిన్ ఖాతా చూపించకపోతే ఏడాదికి పది లక్షలు జరిమానా అని. అతను పెరుగన్నం తిని వెళ్లిపోయాడు, నాకు మాత్రం అప్పట్నుంచి ముద్ద దిగట్లేదు. నాలుగేళ్లకి నలభై లక్షలా? ఖాతాలో ఉన్నదే అంత లేదు.

అసలు ఇక్కడికి రాని డబ్బు మీద ఇక్కడ పన్నేంటి?

లైట్_తీస్కో
23 ఆగస్టు 2025, రాత్రి 10:58

ఎవడికి తెలుస్తుంది బ్రో. మా బ్యాచ్‌లో ఎనిమిది మంది వెనక్కొచ్చాం, ఒక్కడూ చూపించలేదు. హాయిగా పడుకో.

గుంటూరు_ఘాటు
23 ఆగస్టు 2025, రాత్రి 11:03

ఎవడికీ తెలియదు అని పబ్లిక్ ఫోరంలో ఎనిమిది మంది లెక్క చెప్పిన మహానుభావుడు.

లెక్కల_మాస్టారు
23 ఆగస్టు 2025, రాత్రి 11:40

బాబు గారూ, ముందు ఆ నలభై లక్షల లెక్క పక్కన పెట్టండి. దాని సంగతి తర్వాత చూద్దాం, అది మీరనుకున్నంత ఉండకపోవచ్చు.

డబ్బు ఇక్కడికి వచ్చిందా లేదా అన్నది ప్రశ్న కాదు. మీరు ఎవరు అన్నది ప్రశ్న. పన్ను చట్టం దృష్టిలో మనిషి మూడు రకాలు: నాన్ రెసిడెంట్, రెసిడెంట్ అయినా 'నాట్ ఆర్డినరీ', పూర్తి రెసిడెంట్. మూడో రకం అయితే ప్రపంచంలో ఏ మూల సంపాదించినా ఇక్కడ చూపించి పన్ను కట్టాల్సిందే. డాలస్‌లో పడ్డ వడ్డీ కూడా. నలుగురూ 'ఆర్‌నార్' అని పిలిచే ఆ మధ్య రకం అయితే బయట దేశపు బ్యాంకు వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఆ ఖాతాని షెడ్యూల్ ఎఫ్ఏలో, అంటే రిటర్న్‌లో విదేశీ ఆస్తులు రాసే పట్టికలో, చూపించే పనీ లేదు.

విదేశం నుంచి వచ్చినవాళ్లు చాలామంది మొదటి రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు ఈ మధ్య రకంలోనే ఉంటారు. లెక్కేసే ఏడాదికి ముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్ అయి ఉండాలి, లేదా ఆ ఏడాదికి ముందు ఏడేళ్లలో ఇండియాలో గడిపిన రోజులు 729 దాటకూడదు. రెంటిలో ఏ ఒక్కటైనా చాలు.

మీరు ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వచ్చారు, మధ్యలో సెలవులకి ఎన్ని రోజులు వచ్చారు? పాస్‌పోర్ట్ తీసి స్టాంపులు చూసి చెప్పండి. గుర్తున్నంత వరకు అని చెప్పకండి, తేదీలు కావాలి.

బెల్లందూర్_బాబు
23 ఆగస్టు 2025, రాత్రి 11:52

పాత పాస్‌పోర్ట్ అటక మీద ఉంది మాస్టారూ. ఇప్పుడు నిచ్చెన వేస్తే మా ఆవిడ లేస్తుంది. రేపు పొద్దున చూస్తా.

సిల్క్‌బోర్డు_శీను
24 ఆగస్టు 2025, ఉదయం 7:15

మాస్టారు చెప్పింది కరెక్టే గానీ ఒక డౌట్. అమెరికాలో ఆల్రెడీ పన్ను కట్టేసి ఉంటే మళ్లీ ఇక్కడ ఎందుకు? రెండు దేశాలకీ ఒప్పందం ఉంది కదా. డబుల్ టాక్సేషన్ లేకుండా చేసేదే అది.

లెక్కల_మాస్టారు
24 ఆగస్టు 2025, ఉదయం 8:05

ఒప్పందం ఉంది. కానీ అది 'ఒక చోట కడితే రెండో చోట మాఫీ' అని చెప్పదు. వడ్డీ మీద అమెరికా 15 శాతం మించి కోయకూడదు, మిగతాది మీరు నివసించే దేశం చూసుకుంటుంది అంటుంది. అక్కడ కోసినది ఇక్కడి పన్నులోంచి తగ్గిస్తారు. అంతే.

ఇందులో తమాషా ఏంటంటే అమెరికా బయటివాళ్ల మామూలు బ్యాంకు డిపాజిట్ వడ్డీ మీద అసలు పన్నే వేయదు. మీరు అక్కడ సిటిజన్ కాదు, గ్రీన్ కార్డు లేదు, అక్కడ నివసించడం లేదు అంటే బ్యాంకుకి డబ్ల్యూ-8 బెన్ ఫారం ఇవ్వాలి. అప్పుడు కోత సున్నా. అక్కడ కట్టింది సున్నా కాబట్టి ఇక్కడ తగ్గించేదీ సున్నా. మొత్తం ఇక్కడే.

బాబు గారూ, మీకు జనవరిలో 1099 ఐఎన్‌టీ, అంటే వడ్డీ ఎంత ఇచ్చారో బ్యాంకు పంపే కాగితం, వస్తోందా?

బెల్లందూర్_బాబు
24 ఆగస్టు 2025, ఉదయం 9:20

వస్తోంది మాస్టారూ. బ్యాంకులో అడ్రసు ఇంకా ఫ్రిస్కోలో మా ఫ్రెండ్ ఇల్లే. అక్కడ ఉండేవాళ్లు ఇచ్చే డబ్ల్యూ-9 ఫారం మీదే నడుస్తోంది ఇప్పటికీ. అడ్రసు మారిస్తే ఖాతా మూసేస్తారని భయం.

ఇక పాస్‌పోర్ట్. అటకెక్కి తీశా, దాంతోపాటు పాత ప్రెషర్ కుక్కర్ మూత కూడా కింద పడింది. ఇంట్లో అందరూ లేచారు, కింద ఫ్లాట్ వాళ్లతో సహా.

వెళ్లింది 2012 ఆగస్టు, ఉద్యోగం మీద. వచ్చేసింది 2021 జూన్ 20. మధ్యలో 2017 డిసెంబర్‌లో వచ్చి 32 రోజులు, 2019లో తమ్ముడి పెళ్లికి 26 రోజులు. 2014లో నా పెళ్లికి వచ్చా, 40 రోజులు. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ కలిపే లెక్కేశా.

లెక్కల_మాస్టారు
24 ఆగస్టు 2025, ఉదయం 10:48

కాఫీ తాగుతూ లెక్కేశా, చూడండి.

2012-13 నుంచి 2020-21 దాకా తొమ్మిదేళ్లు మీరు నాన్ రెసిడెంట్. 2012లో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడే ఉన్నా, ఉద్యోగానికి వెళ్లారు కాబట్టి ఆ ఏడాది 182 రోజుల లెక్కే వర్తిస్తుంది, అది దాటలేదు.

2021-22: ముందు పదేళ్లలో తొమ్మిది నాన్ రెసిడెంట్. ఆర్‌నార్.
2022-23: మళ్లీ ముందు పదేళ్లలో తొమ్మిది. ఆర్‌నార్.

2023-24కి వచ్చేసరికి తొమ్మిది కాస్తా ఎనిమిది అయింది. మొదటి తలుపు మూసుకుంది. రెండో తలుపు చూద్దాం. ముందు ఏడేళ్లంటే 2016-17 నుంచి 2022-23. 2021 జూన్ 20 నుంచి మార్చి 31 దాకా 285 రోజులు. తర్వాతి ఏడాది పూర్తిగా 365. అది 650. 2017 ట్రిప్పు 32, తమ్ముడి పెళ్లి 26. మొత్తం 708. మీ పెళ్లి 2014లో కాబట్టి లెక్కలోకి రాదు.

708 అంటే 729కి లోపే. ఆ ఏడాది కూడా మీరు ఆర్‌నారే, 21 రోజుల తేడాతో.

2024-25లో మాత్రం తప్పించుకునే దారి లేదు. పూర్తి రెసిడెంట్. అంటే మీరు వడ్డీ చూపించి పన్ను కట్టాల్సిన మొదటి సంవత్సరం సరిగ్గా ఇప్పుడు రిటర్న్ వేయబోతున్నదే. గడువు ఈసారి సెప్టెంబర్ 15 దాకా ఉంది.

గుంటూరు_ఘాటు
24 ఆగస్టు 2025, ఉదయం 10:55

తమ్ముడి పెళ్లికి ఇంకో మూడు వారాల పైన ఒక్క రోజు ఉండి ఉంటే అన్న బుక్కయ్యేవాడు. ఆఫీసులో సెలవు ఇవ్వని మేనేజరుకి ఇప్పుడు ఫోన్ చేసి థాంక్స్ చెప్పు అన్నా.

బెల్లందూర్_బాబు
24 ఆగస్టు 2025, ఉదయం 11:10

మాస్టారూ, మీ కాళ్లు ఎక్కడున్నాయో చెప్పండి, మొక్కుతా. నాలుగేళ్ల టెన్షన్ ఒక్క ఏడాదికి దిగింది.

వైట్‌ఫీల్డ్_వదిన
24 ఆగస్టు 2025, ఉదయం 11:32

మొక్కులు ఆగండి. బాబు గారూ, మీరు ఆ మూడేళ్లూ ఐటీఆర్-1 వేశానన్నారు. ఐటీఆర్-1 పూర్తి రెసిడెంట్లకి మాత్రమే. ఆర్‌నార్ అయితే ఐటీఆర్-2 వేయాలి. అంటే మీ అంతట మీరే 'నేను పూర్తి రెసిడెంట్‌ని' అని రాసిచ్చారు కదా? డిపార్ట్‌మెంట్ దగ్గర రికార్డు అలాగే ఉంటుంది.

మాకు ఇదే జరిగింది. మేము సింగపూర్ నుంచి వచ్చాం. అక్కడ బ్యాంకు వడ్డీకి మామూలు మనుషులకి పన్ను లేదు, కాబట్టి ఇక్కడా లేదనుకున్నాం. అక్కడ సున్నా అయితే ఇక్కడ పూర్తిగా కట్టాలి అన్న సంగతి మూడేళ్లకి తెలిసింది.

బెల్లందూర్_బాబు
24 ఆగస్టు 2025, ఉదయం 11:36

వదినా, గంట సేపు కూడా సంతోషంగా ఉండనివ్వరా.

లెక్కల_మాస్టారు
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 12:20

వదిన గారు మంచి పాయింటు పట్టుకున్నారు, నేను ఫారం సంగతి గమనించలేదు.

పాత సంవత్సరాలకి రివైజ్డ్ రిటర్న్ గడువు అయిపోయింది. అప్‌డేటెడ్ రిటర్న్ ఇప్పుడు నాలుగేళ్ల దాకా వేయొచ్చు గానీ అది అదనంగా పన్ను కట్టడానికే. మీకు ఆ ఏళ్లలో కట్టాల్సిన పన్నే లేదు కాబట్టి ఆ దారి పనికిరాదు. నా ఉద్దేశంలో రెసిడెన్సీ నిజం మీద ఆధారపడుతుంది గానీ తప్పు ఫారం వేసినంత మాత్రాన మారదు. పాస్‌పోర్ట్ ప్రతి పేజీ స్కాన్ చేసి, రోజుల లెక్క ఒక కాగితం మీద వేసి ఫైల్‌లో పెట్టుకోండి. అడిగిన రోజు చూపిస్తారు.

సిల్క్‌బోర్డు_శీను
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 12:41

నేనైతే ఒప్పుకోను మాస్టారూ. అడిగేదాకా ఆగడం దేనికి? ముందే ఒక లెటర్ రాసి అసెసింగ్ ఆఫీసర్‌కి ఇచ్చేస్తే సరిపోతుంది కదా. మనమే చెప్పామన్న రికార్డు ఉంటుంది.

లెక్కల_మాస్టారు
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 12:50

ఇచ్చినవాళ్లూ ఉన్నారు, ఇవ్వనివాళ్లూ ఉన్నారు. ఇది ఫోరంలో తేల్చే విషయం కాదు. ఆయన కాగితాలన్నీ చూసిన సీఏ చెప్పాలి.

లైట్_తీస్కో
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 1:05

1,680 డాలర్ల కోసం ఇంత హడావుడా. ఆ జరిమానాకి 20 లక్షల లిమిట్ కూడా పెట్టారు కదా. చిన్న ఖాతాల జోలికి ఎవరూ రారు.

ఆర్‌ఎస్‌యూ_రాజు
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 1:30

లిమిట్ పెట్టిన మాట నిజం. 2024 అక్టోబర్ 1 నుంచి స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు దాటకపోతే ఆ పది లక్షల జరిమానా లేదు. అంతకుముందు బ్యాంకు ఖాతాలకి మాత్రమే, అదీ 5 లక్షలే. కానీ అది జరిమానాకి మినహాయింపు, చూపించడానికి కాదు. షెడ్యూల్ ఎఫ్ఏలో పది డాలర్లున్నా రాయాలి. పైగా బాబు అన్నవి 42 వేల డాలర్లు, 85 రూపాయల లెక్కన వేసుకున్నా 35 లక్షల పైమాటే. లిమిట్ ఆయనకి గొడుగు పట్టదు.

ఎవరికీ తెలీదు అన్నావు కదా లైట్ బ్రో, నా కథ విను. నేను అమెరికా మొహం చూడలేదు. పుట్టింది నంద్యాల, ఉండేది కడుబీసనహళ్లి. మా కంపెనీ పేరెంట్ అమెరికాలో ఉంది, ఆర్‌ఎస్‌యూలు, అంటే జీతంలో భాగంగా షేర్లు, ఇస్తుంది. షేర్లు అమ్మగా వచ్చిన డాలర్లు ఆ బ్రోకర్ దగ్గరే కూర్చుని ఉంటే దానికి కొంచెం వడ్డీ పడేది. నెలకి రెండు డాలర్లు, మూడు డాలర్లు. జీతంలో షేర్లకి టీడీఎస్ కోసేశారు కదా, ఇంకేముంటుంది అనుకున్నా. 2024 నవంబర్‌లో ఫోన్‌కి మెసేజ్, మెయిల్ వచ్చాయి. మీకు విదేశీ ఖాతా ఉన్నట్టు సమాచారం ఉంది, రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ చూసుకోండి అని. మర్యాదగానే ఉంది భాష. కానీ చదివాక చెమట పట్టింది.

డిసెంబర్ 31 లోపు రివైజ్ చేశా. ఆ ప్రచారం తర్వాత 24,678 మంది రిటర్నులు సరిచూసుకున్నారని, 29,208 కోట్ల విదేశీ ఆస్తులు బయటపెట్టారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ 24 వేల చిల్లరలో చిల్లరని నేను.

లైట్_తీస్కో
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 1:44

వాళ్లకి ఎలా తెలిసింది మరి?

ఆర్‌ఎస్‌యూ_రాజు
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 1:52

బ్యాంకులే చెప్తాయి. అమెరికాతో 2015లో సంతకం పెట్టుకున్న ఫాట్కా ఒప్పందం ఉంది. మిగతా చాలా దేశాలతో సీఆర్‌ఎస్ అని ఇలాంటిదే ఉంది. ఏటా ఖాతాల వివరాలు అటూఇటూ వెళ్తాయి. మనం ఎవరికీ చెప్పక్కర్లేదు.

గుంటూరు_ఘాటు
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 2:01

మన లైట్ ఆరిపోయింది.

తిరుపతి_టు_టెక్సాస్
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 2:30

ఇక్కడ ఆస్టిన్‌లో తెల్లవారుజామున నాలుగు, నిద్ర పట్టక చదువుతున్నా. మాకు ఇదే కథ తలకిందులుగా. బెంగళూరులో ఎన్ఆర్ఈ (బయట ఉండేవాళ్లు ఇండియాలో పెట్టుకునే ఖాతా) ఎఫ్‌డీలు ఉన్నాయి. ఆ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో మాత్రం కట్టాలి. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని విదేశీ ఖాతాల రిపోర్టు అమెరికాకి వేయాలి. మా నాన్న ఖాతాలో జాయింట్‌గా నా పేరున్నా అది కూడా లెక్కే. నాన్నకి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి రెండు గంటలు పట్టింది. 'నా పింఛను డబ్బులు ట్రంపుకి ఎందుకు చెప్పాలి రా' అంటాడు.

వైట్‌ఫీల్డ్_వదిన
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 2:48

నాన్నగారి పాయింటులో న్యాయం ఉంది.

కంగారూ_రిటర్న్స్
24 ఆగస్టు 2025, సాయంత్రం 5:10

బాబుకి క్రెడిట్ సున్నా అన్నారు, నాకు క్రెడిట్ వచ్చింది, కాబట్టి చెప్తున్నా. మాది మెల్‌బోర్న్. నేను ఇక్కడికి వచ్చేశానని చెప్పాక అక్కడి బ్యాంకు వడ్డీలో 10 శాతం కోసుకుని మిగతాది ఇస్తోంది. ఆ పది శాతం ఇక్కడ తగ్గించుకోవాలంటే ఫారం 67 వేయాలి. కోత కోసినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయాలి. మొదటి ఏడాది ఫారం 67 మర్చిపోయి రిటర్న్ ఒక్కటే వేశా, క్రెడిట్ ఇవ్వకుండా డిమాండ్ పంపారు.

నాకు పిచ్చెక్కించింది ఇది కాదు, క్యాలెండర్లు. ఆస్ట్రేలియా వాళ్ల సంవత్సరం జూలై నుంచి జూన్. మన ఆదాయం లెక్క ఏప్రిల్ నుంచి మార్చి. షెడ్యూల్ ఎఫ్ఏ మాత్రం జనవరి నుంచి డిసెంబర్. ఇక ఉగాది నుంచి ఉగాదికి ఒక ఫారం పెడితే సరిపోతుంది.

బెల్లందూర్_బాబు
24 ఆగస్టు 2025, సాయంత్రం 5:31

ఆగండి ఆగండి. ఎఫ్ఏ జనవరి నుంచి డిసెంబరా? నేను 1,680 అని ఏప్రిల్ మార్చి లెక్కలో చెప్పా.

లెక్కల_మాస్టారు
24 ఆగస్టు 2025, సాయంత్రం 6:25

అందరూ తడబడేది ఇక్కడే. ఒకే ఖాతా, ఒకే వడ్డీ, రెండు చోట్ల రెండు అంకెలు. రెండూ కరెక్టే.

షెడ్యూల్ ఎఫ్ఏలో 2024 జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా. బ్యాంకు పేరు, అడ్రసు, జిప్ కోడ్, ఖాతా నంబరు, తెరిచిన తేదీ అడుగుతాడు. తర్వాత ఆ ఏడాదిలో ఏ రోజు అత్యధికంగా ఎంత ఉందో, డిసెంబర్ 31న ఎంత ఉందో, ఏడాదిలో ఎంత వడ్డీ జమ అయిందో రూపాయల్లో రాయాలి. అత్యధికం అంటే నెలాఖరు బ్యాలెన్సు కాదు. పన్నెండు స్టేట్‌మెంట్లూ తీసి వరుసగా చూడాలి.

పన్ను కట్టే వడ్డీ మాత్రం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా. అది 'ఇతర ఆదాయం' కింద, మళ్లీ విదేశీ ఆదాయం రాసే షెడ్యూల్ ఎఫ్ఎస్ఐలో దేశం పేరుతో. అక్కడ ట్యాక్స్ ఐడీ అడిగితే మీ సోషల్ సెక్యూరిటీ నంబరు. ఇక్కడి సేవింగ్స్ వడ్డీకి పాత పన్ను పద్ధతిలో వచ్చే పదివేల మినహాయింపు దీనికి రాదు.

రూపాయల్లోకి మార్చడానికి గూగుల్ రేటు వాడకండి. ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటు, అంటే బ్యాంకు డాలర్లు కొనే రేటు. బ్యాంకు వడ్డీకి మార్చి 31 నాటిది. ఎఫ్ఏలో అత్యధిక బ్యాలెన్సుకి ఆ రోజు రేటు, చివరి బ్యాలెన్సుకి డిసెంబర్ 31 రేటు.

బెల్లందూర్_బాబు
24 ఆగస్టు 2025, రాత్రి 9:15

స్టేట్‌మెంట్లు తీశా. క్యాలెండర్ లెక్కలో 1,742 డాలర్లు, ఏప్రిల్ మార్చి లెక్కలో 1,680. పోర్టల్ ఈ తేడా చూసి అరవదా?

కంగారూ_రిటర్న్స్
24 ఆగస్టు 2025, రాత్రి 9:22

అరవదు. నాకు మూడేళ్లుగా తేడానే.

సిల్క్‌బోర్డు_శీను
24 ఆగస్టు 2025, రాత్రి 9:40

మొత్తానికి కట్టాల్సింది ఎంత తేలుతుంది?

లెక్కల_మాస్టారు
24 ఆగస్టు 2025, రాత్రి 10:05

85 రూపాయలు అనుకుంటే 1,42,800. ఆయన 30 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే సెస్‌తో కలిపి 31.2 శాతం, అంటే 44,550 చిల్లర. పైన వడ్డీ. జీతంలో టీడీఎస్ ఎంత కోసినా ఇది వేరే. పదివేలు దాటింది కాబట్టి ముందస్తు పన్ను కట్టి ఉండాల్సింది. ఆగస్టులోనే కట్టేస్తే, అలా కట్టనందుకు పడే 234బీ, 234సీ వడ్డీలు రెండూ కలిపి దాదాపు నాలుగున్నర వేలు.

వచ్చే ఏడాది నుంచి కంపెనీకి ఈ ఇతర ఆదాయం ముందే చెప్పేస్తే జీతంలోంచే కోసుకుంటారు, ఆ వడ్డీ బాధ ఉండదు.

గుంటూరు_ఘాటు
24 ఆగస్టు 2025, రాత్రి 10:11

నలభై లక్షల నుంచి నలభై తొమ్మిది వేలకి దిగాడు అన్న. ఇంత డిస్కౌంట్ ఆషాఢంలో కూడా లేదు.

వైట్‌ఫీల్డ్_వదిన
25 ఆగస్టు 2025, ఉదయం 8:30

ఇంకో మాట. ఖాతా మీ ఒక్కరి పేరు మీదేనా, జాయింటా?

బెల్లందూర్_బాబు
25 ఆగస్టు 2025, ఉదయం 8:52

జాయింటే. మా ఆవిడ పేరు కూడా ఉంది. కానీ డబ్బంతా నా జీతం, తను హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉండేది, అక్కడా ఇక్కడా ఉద్యోగం చేయలేదు. తనకి రిటర్న్ అంటూ ఎప్పుడూ వేయలేదు.

వైట్‌ఫీల్డ్_వదిన
25 ఆగస్టు 2025, ఉదయం 9:10

అయితే తన చేత కూడా వేయించండి. ఆదాయం సున్నా అయినా సరే, పూర్తి రెసిడెంట్ పేరు మీద విదేశీ ఖాతా ఉంటే రిటర్న్ వేయాల్సిందే. ఐటీఆర్-2, అందులో ఎఫ్ఏ. వడ్డీ ఎలాగూ డబ్బు మీది కాబట్టి మీ లెక్కలోకే వస్తుంది, తనకి పన్ను పడదు. మా ఇంట్లో మా అత్తగారి పేరు సింగపూర్ ఖాతాలో రెండో పేరుగా ఉండేది. డెబ్బై ఏళ్ల వయసులో ఆవిడకి మొదటి రిటర్న్ వేయించాడు మా సీఏ. ఈ-వెరిఫై ఓటీపీ వస్తే 'ఎవరికీ చెప్పకూడదని టీవీలో చెప్పారు' అని మాకే చెప్పలేదు.

లైట్_తీస్కో
25 ఆగస్టు 2025, ఉదయం 9:35

సీరియస్‌గా అడుగుతున్నా, ఎవరూ నవ్వొద్దు. నేను 2022 జనవరిలో వచ్చా. న్యూజెర్సీ ఖాతాలో 11 వేల డాలర్లు. నా 729 లెక్క ఎవరైనా చూస్తారా?

గుంటూరు_ఘాటు
25 ఆగస్టు 2025, ఉదయం 9:37

నేను నవ్వట్లేదు. టేబుల్ కింద ఉన్నా.

లెక్కల_మాస్టారు
25 ఆగస్టు 2025, ఉదయం 10:15

పాస్‌పోర్ట్ తేదీలు పంపండి. మీ ఎనిమిది మందివీ పంపినా ఫరవాలేదు.

సిల్క్‌బోర్డు_శీను
25 ఆగస్టు 2025, ఉదయం 11:00

బాబు, ఫ్రిస్కో అడ్రసు సంగతి వదిలేయకు. నేనూ రెండేళ్లు అలాగే ఫ్రెండ్ అడ్రసు మీద నడిపా, అక్కడి వాడిలాగే 1040 రిటర్న్ వేసి వడ్డీకి అక్కడే పన్ను కట్టా. తర్వాత ఇక్కడ క్రెడిట్ అడుగుదామంటే మా సీఏ ఒప్పుకోలేదు. అక్కడ కట్టక్కర్లేని పన్ను నువ్వు కడితే ఇక్కడెందుకు తగ్గిస్తారు, వెళ్లి అక్కడే రీఫండ్ అడుగు అన్నాడు. ఆ రీఫండ్ చెక్కు అదే ఫ్రెండ్ ఇంటికి వెళ్లింది, వాడు అప్పటికి ఇల్లు మారాడు.

బెల్లందూర్_బాబు
25 ఆగస్టు 2025, ఉదయం 11:20

బ్యాంకుకి రాస్తే ఖాతా మూసేస్తారంటారా?

సిల్క్‌బోర్డు_శీను
25 ఆగస్టు 2025, ఉదయం 11:26

కొన్ని బ్యాంకులు మూస్తాయి, కొన్ని ఉంచుతాయి. నాది ఉంచారు. మూసినా డబ్బు ఎక్కడికీ పోదు, ఇక్కడ ఆర్ఎఫ్‌సీ ఖాతా తెరిచి డాలర్లలోనే ఉంచుకోవచ్చు. విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం అక్కడ ఉన్నప్పుడు సంపాదించింది అక్కడే ఉంచుకోవడంలో తప్పేమీ లేదు. తప్పల్లా చెప్పకపోవడమే.

ఆర్‌ఎస్‌యూ_రాజు
25 ఆగస్టు 2025, మధ్యాహ్నం 12:05

ఇక్కడి ఎన్ఆర్ఈ ఖాతా రెసిడెంట్ ఖాతాగా మార్చారా లేదా అది కూడా చూసుకోండి. మా టీమ్ లీడ్ వచ్చి ఆరేళ్లయింది, ఇంకా ఎన్ఆర్ఈ వడ్డీకి పన్ను లేదనే అనుకుంటున్నాడు.

బెల్లందూర్_బాబు
25 ఆగస్టు 2025, మధ్యాహ్నం 12:15

అది మాత్రం వచ్చిన నెలలోనే మార్చా. ఒక్క పనైనా సరిగ్గా చేశా.

బెల్లందూర్_బాబు
30 ఆగస్టు 2025, రాత్రి 9:48

అప్‌డేట్. నిన్న జయనగర్‌లో ఒక సీఏ దగ్గరికి వెళ్లా. వానలో రింగ్ రోడ్డు దాటడానికి గంటన్నర, ఆయన పని నలభై నిమిషాలు. మాస్టారి లెక్కనే చెప్పాడు, 708తో సహా. పాత ఏళ్లకి లెటర్ ఏమీ వద్దు, పాస్‌పోర్ట్ స్కాన్లు, రోజుల లెక్క నా దగ్గర పెట్టి వెళ్లు అన్నాడు. ఎస్‌బీఐ మార్చి 31 రేటు ఆయన దగ్గర ప్రింట్ తీసి ఉంది. నాకైతే ఆ సైట్‌లో ఆ రోజు రేటు తప్ప పాతది దొరకలేదు.

ఐటీఆర్-2 వేశా, పన్ను కట్టా, ఈ-వెరిఫై అయింది. బ్యాంకుకి డబ్ల్యూ-8 బెన్, బెల్లందూర్ అడ్రసు పంపా. ఏమంటారో చూడాలి.

పదేళ్ల కిందట రిటర్న్ వేస్తే సంతకం పెట్టిన కాగితం ఇక్కడి ఎలక్ట్రానిక్ సిటీ పోస్టు బ్యాగుకి పంపేవాళ్లం, గుర్తుందా? ఇక్కడి నా ఎన్ఆర్ఓ ఖాతాలో కోసిన టీడీఎస్ కోసం డాలస్ నుంచి నేను పంపిన కవరు నెల రోజులు చేరలేదు. ఇప్పుడు అదే ఊళ్లో కూర్చుని డాలస్ వడ్డీకి ఇక్కడ కట్టా.

వైట్‌ఫీల్డ్_వదిన
30 ఆగస్టు 2025, రాత్రి 9:59

మీ ఆవిడ రిటర్న్?

బెల్లందూర్_బాబు
30 ఆగస్టు 2025, రాత్రి 10:20

అదీ అయింది వదినా, కానీ అక్కడే కొత్త సమస్య. ఎఫ్ఏ పేజీలో వివరాలు సరిచూడమని స్క్రీన్ తన వైపు తిప్పా. అత్యధిక బ్యాలెన్సు గడి దగ్గర ఆగిపోయింది. 'ఇన్ని లక్షలు ఉన్నాయా మనకి?' అంది. నాలుగేళ్లుగా ఏదో కొంచెం ఉంది అనే చెప్తున్నా. ఓటీపీ ఫోన్‌లో పెట్టుకుని చెప్పలేదు, ముందు దసరాకి గాజుల సంగతి తేల్చమంది. తేల్చాకే వెరిఫై అయింది.

గుంటూరు_ఘాటు
30 ఆగస్టు 2025, రాత్రి 10:24

పది లక్షల జరిమానా తప్పించుకున్నావు, ఇది తప్పించుకోలేవు.

లెక్కల_మాస్టారు
30 ఆగస్టు 2025, రాత్రి 10:41

గాజులు కొనండి, ఫరవాలేదు. నగల వివరాలు అడిగే షెడ్యూల్ ఏఎల్ ఈ ఏడాది నుంచి ఆదాయం కోటి దాటినవాళ్లకే. బిల్లు మాత్రం పారేయకండి.